కుడివైపు జేబు

ట్రంకు పెట్టె మూత తియ్యగానే ముందు కలరా ఉండల వాసన వచ్చింది. దాని వెనకాల ఎండిపోయిన వేపాకు. ఆ రెండూ కాస్త సద్దుమణిగేక అడుగునుంచి మూడోది వచ్చింది. పాత ఉన్ని వాసన. చలికాలపు మంచుకి తడిసి, ఎండకి ఆరి, ఏళ్ళ తరబడి ఒకే మనిషి భుజాల మీద ఉన్న ఉన్ని. పెట్టె అంచు పట్టుకుని అలాగే కూచుండిపోయేను.

నాన్నగారి ఆబ్దికానికి పర్లాకిమిడి వెళ్ళేను. దానం ఇవ్వడానికి కొన్న పంచెల చాపు బీరువాలో కనబడకపోతే అమ్మ, "ట్రంకులో ఉంటాది, చూడు నాయనా" అంది. పంచెల చాపు పైనే దొరికింది. నా చెయ్యి మాత్రం అడుగుకి పోయింది. అక్కడ, పాత ఒడియా పేపర్లో చుట్టి, నాన్నగారి కోటు.

బూడిద రంగు కోటు. దూరంనుంచి చూస్తే ఉత్త బూడిద రంగే. దగ్గరకి తీసుకుంటే నేత చేపముల్లులా కనబడుతుంది, ఒక వరస ఇటు వాలి, పక్క వరస అటు వాలి. మూడు గుండీలు, మూడూ కొమ్ముతో చేసినవి. ఒకటి పూర్తిగా నలుపు, ఒకదానికి అంచున తేనెరంగు చార, మూడోదాన్లో పొగ కమ్మినట్టు తెల్లటి మచ్చ. ఛాతీ మీద జేబు కుడివైపు ఉంటుంది. చిన్నప్పుడు కోటంటే నాకు మా నాన్న కోటే. అందుకని ఎవరి కోటుకైనా జేబు ఎడమవైపు కనబడితే, పాపం టైలరు తప్పు కుట్టేసేడు కాబోలు అనుకునేవాణ్ణి.

* * *

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకి బట్టలంటే ఇష్టం. ఇష్టమంటే ఎక్కువ ఉండటం కాదు. స్కూలుకి నాలుగు తెల్ల చొక్కాలు, మూడు పేంట్లు. ఇంట్లోకి పొందూరు పంచెలు. ఒక జత నల్ల బాటా బూట్లు. చలికాలానికీ పెళ్ళిళ్ళకీ ఈ కోటు. అంతే. కానీ ఆ కొద్దిపాటి బట్టల చుట్టూ మా ఇంటి వారం తిరిగేది.

శనివారం సాయంత్రం బూట్లు. వీధరుగు మీద పాత గోనె పరుచుకుని, చెర్రీ బ్లాసమ్ డబ్బా మూత పక్కనున్న చిన్న తిప్పుడు పుల్లని తిప్పి టక్కుమని తెరిచేవారు. ఆ చప్పుడుకి మేం ఎక్కడున్నా వచ్చేసేవాళ్ళం. గుడ్డ వేలికి చుట్టుకుని, పాలిష్ కొంచెం తీసి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రాసేవారు. ఆరనిచ్చి అప్పుడు బ్రష్షు. వానాకాలంలో బూట్లు తడిస్తే పొయ్యి దగ్గర పెట్టనిచ్చేవారు కాదు, తోలు పగిలిపోతుందని. పేపరు నలిపి లోపల కుక్కి నీడలో ఉంచేవారు. ఆ పేపరు మార్చడం నా పని. రాత్రి పడుకునే ముందోసారి, పొద్దున్న లేచేక ఇంకోసారి.

ఆదివారం పొద్దున్న ఇస్త్రీ. ముందురోజే అమ్మ చొక్కాలకి గంజి పెట్టి, నీలిమందు వేసి ఆరేసేది. గంజి చొక్కా అంతటికీ కాదు, కాలరుకీ కఫ్‌లకీ చిక్కగా, మిగతాదానికి పల్చగా. పొద్దున్నే ఆరిన చొక్కాల మీద నేను నీళ్ళు చిలకరించాలి. చేతి వేళ్ళు ముంచి విదిలిస్తే పెద్ద చుక్కలు పడకూడదు, ముగ్గు పిండి రాలినట్టు పడాలి. చిలకరించిన చొక్కాలని గట్టిగా చుట్టి తువ్వాల్లో మూటకట్టి ఓ అరగంట ఉంచితే తడి అంతటా సమంగా పాకుతుంది. ఈలోగా అన్నయ్య ఇస్త్రీపెట్టెలో కొబ్బరి చిప్పల బొగ్గులు వేసి విసిరేవాడు. మాది ఇత్తడి పెట్టె. మూత గడియ మీద కోడిపుంజు బొమ్మ ఉండేది. ఆ పుంజుని పట్టుకోవడానికి మా ఇద్దరికీ తగువు.

ముందు కాలరు. అదీ లోపలివైపు ముందు. కొసల దగ్గర మొదలెట్టి మధ్యకి రావాలి, మధ్యనుంచి కొసలకి వెళితే గుడ్డ తోసుకుపోయి కొసన ముడత పడిపోతుంది. తర్వాత భుజం పట్టీ, కఫ్‌లు, చేతులు. ఒళ్ళు ఆఖర్న. ఇవన్నీ ఆయన మాకు పాఠంలా చెప్పలేదు. చేసేవారు, మేం చూసేవాళ్ళం. ఇవాళ్టికీ నేను నా చొక్కా నేనే ఇస్త్రీ చేసుకుంటాను, చెయ్యి దానంతటదే కాలరు కొసకి పోతుంది.

నాలుగు చొక్కాలూ అయ్యేక, బొగ్గులు ఇంకా ఎర్రగా ఉండగా, "నీ చీర ఇలా ఇయ్యి" అనేవారు అమ్మతో. అమ్మ ప్రతి ఆదివారమూ "ఎందుకండీ, కట్టుకుంటే నలిగిపోయేదేగా" అనేది. ఇచ్చేది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, లాగి, మడిచి, దగ్గరకొచ్చి, మళ్ళీ దూరం జరిగి... ఆ చీర మడత పెట్టే రెండు నిమిషాలూ వాళ్ళిద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదు. పొయ్యి మీద ఉప్మా పోపు వాసన, తడి గుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె పడ్డ వాసన, రేడియోలో ఏదో వాయిద్యం. ఆ తర్వాతే మాకు టిఫిను.

* * *

టైలరు మాస్టారి కొట్టు బజార్లో ఉండేది. ముందు అరుగు, అరుగు మీద రెండు మిషన్లు, వెనక చీకటి గదిలో కటింగు బల్ల. కోటలోకి కుట్టిన గురువు దగ్గర పని నేర్చుకున్నానని మాస్టారు చెప్పుకునేవారు. మా ఊళ్ళో ఆ మాటకి విలువుండేది. రాజావారు కృష్ణచంద్ర గజపతి రౌండు టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళొచ్చిన మనిషి, 1937లో ఒరిస్సాకి మొదటి ప్రీమియరు, ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. అలాంటి ఊళ్ళో కోటు కుట్టడం వచ్చినవాడంటే పెద్ద పనివాడే.

అంతకు ముందు ఏడాదే, 1936లో, ఒరిస్సా వేరు రాష్ట్రమై మా ఊరు అటు పోయింది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఇటు ఉండిపోయింది. మా ఇంట్లో మాట తెలుగు, బజార్లో బోర్డు ఒడియా. మాస్టారి కొట్లో రెండూ కలిసిపోయేవి. టేపు పట్టుకుని కొలతలు తెలుగులో కేకేసేవారు. పక్కన కుర్రాడు వాటిని నోటుబుక్కులో ఒడియా అంకెల్లో రాసుకునేవాడు. మాస్టారు మటుకు కొలతల్ని కాయితం మీద నమ్మేవారు కాదు. చెవి మీదనుంచి కాపీయింగు పెన్సిల్ తీసి, నాలికకి అద్ది, బట్ట బిగువుగా నిలబడడానికి లోపల వేసే గట్టి గుడ్డ, ఆ బక్రం ముక్క మీదే రాసుకునేవారు. ఊదారంగు అంకెలు, గుండ్రంగా. ఒడియా అంకెలు నేను మొదట నేర్చుకున్నది బళ్ళో కాదు, ఆ బక్రం ముక్కల మీద.

కొత్త చొక్కా ఏడాదికొకటి, దసరాకి. దానికోసం నాన్నగారు మూడు సార్లు కొట్టుకి వెళ్ళేవారు. గుడ్డ ఇవ్వడానికి, తెల్ల దారంతో కచ్చా కుట్టు వేసేక తొడిగి చూడడానికి, ఆఖర్న తీసుకోడానికి. తొడిగి చూసేటప్పుడు చెయ్యి పైకెత్తి, ముందుకు చాపి, నల్లబల్ల మీద రాస్తున్నట్టు గాల్లో రాసేవారు. చంక దగ్గర కిందికి కోసేస్తే చెయ్యెత్తినప్పుడల్లా చొక్కా మొత్తం పైకి లేస్తుంది. పైకి కోస్తే చెయ్యి ఒక్కటే కదులుతుంది, చొక్కా ఉన్నచోటే ఉంటుంది. రోజంతా బోర్డు మీద రాసే మాస్టారికి ఇది ముఖ్యం కదా. టైలరు మాస్టారికీ లెక్కల మాస్టారికీ అర అంగుళం దగ్గర గంటసేపు మాటలు నడిచేవి. ఇద్దరూ ఒకరినొకరు "మాస్టారూ" అనే పిలుచుకునేవారు. నేను కింద పడ్డ పీలికలు ఏరుకుంటూ వినేవాణ్ణి.

మాకు కుట్టించేటప్పుడు ఒకటే మాట. "లోపల గుడ్డ వొగ్గండి మాస్టారూ. గుంటడు ఎదుగుతాడు."

అందుకే మా నిక్కర్లకీ పేంట్లకీ కింది మడతలో మూడేసి వేళ్ళ గుడ్డ ఉండేది. ఏటా ఓసారి విప్పి దించేవారు. విప్పినచోట కొత్త రంగు పట్టీ బైటపడేది, పైన పాత మడత గీత. చెట్టు కాండంలో వలయాల్లా నా ఎనిమిదో క్లాసు పేంటుకి రెండు గీతలుండేవి. నేను బెల్‌బాటం కావాలని పట్టుబట్టిన ఏడు కూడా నాన్నగారు కాదనలేదు. మాస్టారి వంక చూసి, "ఆడు అడిగినంత వెడల్పు పెట్టండి. లోపల గుడ్డ మాత్రం వొగ్గండి" అన్నారు.

చొక్కా కాలరు మెడ దగ్గర అరిగి పోగులొస్తే కొత్త చొక్కా కాదు. అమ్మ బ్లేడుతో కాలరు కుట్లు ఊడదీసి, కాలరు తిరగేసి, అరిగిన వైపు లోపలికి పోయేలా మళ్ళీ కుట్టేది. మరో రెండేళ్ళు వచ్చేది ఆ చొక్కా. ఇప్పుడెవరైనా కాలరు తిరగేయించుకుంటున్నారా? ఆ మాట అర్థమయ్యే టైలరు కూడా మా వీధిలో దొరకడం లేదు.

* * *

కొమ్ము పనికి మా ఊరు పేరు. దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, చేతికర్ర పిడులు, అన్నీ కొమ్ముతో చేసేవారు. ఆ ఇళ్ళ ముందునుంచి వెళితే జుట్టు కాలినట్టు వాసన. కొమ్మైనా జుట్టైనా గోరైనా ఒకటే పదార్థం, అందుకని వాసన కూడా ఒకటే అని నాన్నగారు చెప్పేరు. నిప్పు మీద వేడి చేస్తే మెత్తబడుతుంది, అప్పుడు వంచి, నొక్కి, చల్లారేక ఆకురాయితో అరగదీస్తారు. దానిమీద ఉన్న గీతలూ మచ్చలూ ఆ జంతువువే, ఎవరూ వేసినవి కావు.

ఒకసారి కోటు మధ్య గుండీ ఊడి సంక్రాంతి జనంలో పోయింది. మర్నాడు నన్ను వెంటేసుకుని కొమ్ముపని చేసే తాత దగ్గరికి వెళ్ళేరు. జేబులోంచి కాయితం తీసేరు, దానిమీద వృత్తలేఖినితో గీసిన సున్నా. "ఇంత ఉండాలి తాతా. వెంట్రుకవాసి తక్కువైనా కుదరదు." తాత తన దగ్గరున్న రెండు మూడు గుండీలు చూపించేడు. బాగానే ఉన్నాయి, కొంచెం చిన్నవి. నాన్నగారు ఒప్పుకోలేదు. చేసి ఇచ్చేదాకా ఆ వారమంతా చలిలో కోటు లేకుండానే స్కూలుకి వెళ్ళేరు. పొద్దున్నపూట మహేంద్రగిరి వైపునుంచి దిగే చలి మా ఊళ్ళో తక్కువేమీ కాదు. అంత చిన్న తేడాకి ఎందుకు అంత పట్టింపో నాకు అప్పుడు అర్థం కాలేదు.

* * *

మా తాతగారు చిన్న రైల్లో గుమాస్తా. నౌపడానుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన రైలు అది, రెండున్నర అడుగుల పట్టా. తర్వాత గుణుపురం దాకా సాగింది. నా చిన్నప్పుడు బొగ్గింజను. ఆ రైలెక్కితే కంట్లో నుసి, మెళ్ళో నుసి, తెల్ల చొక్కా అయితే ఇంక చెప్పక్కర్లేదు.

అందుకని పెళ్ళికో పేరంటానికో మైదానం వైపు వెళ్ళాలంటే నాన్నగారికి ఒక పద్ధతి ఉండేది. ఇంటిదగ్గర పాత చొక్కా తొడుక్కునేవారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మడతపెట్టి తువ్వాల్లో, కోటు తిరగేసి మడిచి తలగడ గలీబులో. రైల్లో ఆ గలీబు ఆయన ఒళ్ళో ఉండేది, మా చెల్లెలు అమ్మ ఒళ్ళో. నౌపడాలో దిగేక ప్లాట్‌ఫారం కొళాయి దగ్గర మొహం, మెడ, మోచేతులు కడుక్కుని, పాత చొక్కా విప్పి తెల్లది తొడుక్కునేవారు. మీద కోటు. చొక్కా కఫ్ కోటు చేతికింద అర అంగుళం కనబడేలా లాక్కుని, కింది గుండీ వదిలేసి పైవి పెట్టుకునేవారు. అమ్మ ఓ అడుగు వెనక్కి వేసి చూసి తలూపేది. అప్పుడు పెద్ద రైలు కోసం వెళ్ళేవాళ్ళం. ఉప్పుమళ్ళ మీదనుంచి గాలి వచ్చేది. బొగ్గు నుసిలోంచి దిగిన మనిషి ఐదు నిమిషాల్లో ఉతికి ఆరేసినట్టు నిలబడడం నాకెంత గొప్పగా ఉండేదో.

ఆ చిన్న పట్టా 2004లో ఆపేసి పెద్ద పట్టా వేసేరు. మొన్న వెళ్ళింది ఆ పెద్ద రైల్లోనే. నుసి లేదు. నా తెల్ల చొక్కా తెల్లగానే దిగింది.

* * *

పొందూరు గురించి చెప్పకుండా ఉండలేను. ఏడాదికోసారి నాన్నగారు పంచె కోసం అక్కడికి వెళ్ళేవారు. ఒకసారి నన్ను తీసుకెళ్ళేరు. ఓ ఇంటి వసారాలో ఒకావిడ పత్తిని చేత్తో పట్టుకుని ఏదో దువ్వెనతో దువ్వుతోంది. దగ్గరకెళితే అది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ. సన్నటి పళ్ళు వరసగా, ఒత్తుగా. కొండపత్తి పోగు పొట్టిది, ఆ పళ్ళతో దువ్వితేనే చెత్త పోయి పోగులన్నీ ఒకవైపు తిరుగుతాయిట. అక్కడినుంచి ఏకడం, ఏకు చెయ్యడం, రాట్నం మీద సన్నటి నూలు వడకడం, మగ్గం, అన్నీ చేత్తోనే.

ఆ పంచె కట్టుకున్న సాయంత్రాలే నాన్నగారు మా చేతికి చిక్కేవారు. పేంటూ చొక్కా వేసుకున్నప్పుడు స్కూలు మాస్టారు. ఇంటికొచ్చి, పేంటు గీత మీద గీత పెట్టి మడిచి దండెం మీద వేసి, కాళ్ళు కడుక్కుని, పంచె కట్టుకుంటే మా నాన్న. అమ్మ మురీలు, అంటే మరమరాలు, కలిపిచ్చేది. మురీల పళ్ళెం మధ్యలో పెట్టుకుని మా లెక్కలు చూసేవారు. ఒళ్ళో తల పెట్టుకుంటే ఆ ఖద్దరు చెంపకి కొంచెం గరుగ్గా, చల్లగా తగిలేది.

* * *

కోటు నాకు ఇస్తానంది అమ్మ. తొడిగి చూస్తే భుజాలు సరిపోయేయి, చేతులు అంగుళంపైగా పొట్టి. మర్నాడు బజారుకి పట్టుకెళ్ళేను. మాస్టారు పోయి చాలాకాలమైంది. కొట్లో సగం ఇప్పుడు రెడీమేడ్ బట్టలు, మిగిలిన సగంలో ఒక మిషనూ, దాని వెనక మాస్టారి అబ్బాయీ. యాభై దాటిన మనిషి. ఎక్కువగా జీన్సులు పొట్టి చెయ్యడమే పని అన్నాడు.

కోటు చూడగానే కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఏమీ మాట్లాడకుండా కాసేపు తడిమేడు. "తిరగేసిన కోటు బాబూ ఇది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మధ్య గుండీ ఎత్తి కింద చూపించేడు. దానికింద, సరిగ్గా గుండీ అంత మేర, సన్నటి రఫూ. "ఇది పాత కాజా. కోటు పైవైపు అరిగిపోతే మొత్తం ఊడదీసి, ప్రతి ముక్కా తిరగేసి లోపలి మొహం బైటికి పెట్టి కుట్టేవోరు. తిరగేస్తే ఎడమ కుడవుద్ది. పాత కాజాలు మూసేసి రఫూ చేసి, అది కనబడకుండా మీద పెద్ద గుండీ వేసేరు. కొత్త కాజాలు ఇటు తీసేరు. అన్నీ మార్చొచ్చు గానీ బాబూ, ఛాతీ మీద కోసేసిన జేబుని మార్చలేం. అందుకే కుడివైపుంది."

కాయితం మీద గీసిన సున్నా గుర్తొచ్చింది. వెంట్రుకవాసి తక్కువైనా కుదరదు.

ఇంటికొచ్చి అమ్మనడిగేను. బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "మీ తాతది రా అది. మీ నాన్నకి కొత్తగా ఉజ్జోగం వచ్చినప్పుడు కోటు లేదు. జీతమంతా మీ అత్తల పెళ్ళిళ్ళకే పోయేది. మీ తాతే తీసుకెళ్ళి మాస్టారికిచ్చేరు. ఒకవైపు మీ తాత తొడుక్కున్నారు, రెండోవైపు మీ నాన్న తొడుక్కున్నారు."

"ఎప్పుడూ చెప్పలేదేమే?"

"అందులో దాచడానికేటుంది? ఎవరూ అడగలేదు."

సాయంత్రం మళ్ళీ కొట్టుకి వెళ్ళేను, చేతులు దించగలరేమో అడుగుదామని. ఆయన అప్పటికే ఒక చేతి అస్తరు అంచు విప్పి ఉంచేడు. "లోపల రెండు వేళ్ళ గుడ్డుంది బాబూ. మా నాన్న ఒగ్గేడు" అన్నాడు. విప్పిన మడతలోంచి ముదురు బూడిద పట్టీ బైటపడింది, మొన్న మగ్గం మీదనుంచి దిగినట్టు. దానికి అంటుకుని పచ్చబడిన బక్రం ముక్క. బక్రం మీద ఊదారంగు పెన్సిల్‌తో గుండ్రంగా రెండు ఒడియా అంకెలు.

ఆయన ఆ ముక్కని దీపం కిందికి తీసుకెళ్ళేడు. వేలితో అంకెల మీద రాయబోయి, చెరిగిపోతాయేమోనని ఆగేడు. ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఒకటి బాగా రాలేదని మళ్ళీ తీసుకున్నాడు.

"మీరుంచుకోండి" అన్నాను.

"వొద్దు బాబూ. దీని చోటు ఇదే" అని, చెయ్యి పొడుగు దించి, బక్రాన్ని కొత్త మడతలో సర్ది, సూదిలో దారం ఎక్కించేడు.